స్టెయిన్‌లెస్ డబ్బాలు ప్రెస్ దగ్గర బాగానే ఉంటున్నాయి, తెల్లారేసరికి నిలువునా చీలుతున్నాయి

డబ్బాల_షాపు
బాలానగర్‌లో మాది చిన్న ప్రెస్ షాపు. 120 మి.మీ. వ్యాసం, 90 మి.మీ. లోతు ఉండే స్టెయిన్‌లెస్ డబ్బాలు చేస్తాం. 0.8 మి.మీ. మందం షీటు, 250 మి.మీ. బ్లాంక్ (గుండ్రంగా కోసిన షీటు ముక్క), హైడ్రాలిక్ ప్రెస్ మీద ఒకే డ్రాలో, అంటే పంచ్‌తో డైలోకి ఒకేసారి నొక్కి లాగుతాం. అదే డై, అదే ఆయిలు, అదే ఆపరేటరు. ఈ లాట్ షీటు వచ్చేదాకా ఏ గొడవా లేదు. ఇప్పుడు కూడా ప్రెస్ నుంచి తీసినప్పుడు చూస్తే ముడత లేదు, చీలిక లేదు. సాయంత్రం పేర్చి వెళ్తే పొద్దున్నకి కొన్ని పగిలి కనబడుతున్నాయి. రాత్రి టంగ్‌మని చప్పుళ్లు వస్తున్నాయని వాచ్‌మన్ చెప్పాడు. బఫింగ్‌కి పంపినవి కూడా అక్కడ పగిలాయని తిప్పి పంపారు. ఆర్డరు గడువు దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

కడప_ప్రెస్
డై రేడియస్ (డై మూతి అంచు గుండ్రదనం) చిన్నదై ఉంటుంది. 0.8 షీటుకి కనీసం 5, 6 మి.మీ. ఉండాలి. అడుగు మూల దగ్గర షీటు పల్చబడి తర్వాత విడిపోతుంది. రేడియస్ పెంచి పాలిష్ చేయించండి.

డై_ఫిట్టర్_జీడిమెట్ల
బ్లాంక్ హోల్డర్ (షీటు ముడత పడకుండా అంచును అదిమి పట్టేది) ఒత్తిడి ఎంత పెట్టారు? మీ సైజుకి పంచ్ బలం లెక్క వేస్తే 27, 28 టన్నుల దగ్గర వస్తుంది. హోల్డర్‌కి అందులో మూడో వంతుతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి. ఎక్కువ పెడితే చీలుతుంది.

డబ్బాల_షాపు
రేడియస్ 6 ఉంది. హోల్డర్ 9 టన్నులు. అన్నా, పగులు అడుగున కాదు. పై అంచు దగ్గర మొదలై తిన్నగా కిందికి దిగుతోంది. కొన్నిటికి 20, 30 మి.మీ. దగ్గర ఆగింది, కొన్ని అడుగుదాకా వెళ్లాయి. ఒక డబ్బాకి ఎదురెదురుగా రెండు పగుళ్లు. అడుగు మూల మాత్రం చెక్కు చెదరలేదు.

లోహం_మాస్టారు
అయితే రేడియస్, టన్నేజీ సంగతి పక్కన పెట్టండి. డ్రా జరుగుతుండగా చీలితే అడుగు మూల పైన చీలుతుంది, ఎందుకంటే లాగే బరువంతా పడేది అక్కడే. డ్రా అయిపోయాక గంటల తర్వాత పై అంచు నుంచి నిలువుగా చీలడం వేరే జబ్బు. దీన్ని ఆలస్యపు పగులు అంటారు. దీనికి మూడు కారణాలు కలవాలి. గోడ లోపల మిగిలిపోయిన బిగువు, లాగడం వల్ల ఆస్టెనైట్ (ఈ స్టెయిన్‌లెస్‌లో మామూలుగా ఉండే లోహ నిర్మాణం) నుంచి పుట్టిన గట్టి నిర్మాణమైన మార్టెన్‌సైట్, లోహంలో కరిగి ఉన్న కాస్త హైడ్రోజన్. హైడ్రోజన్ పదిలక్షల్లో కొన్ని భాగాలున్నా చాలు. అది మెల్లగా పాకి బిగువు ఎక్కువున్న చోటుకి చేరుతుంది. అందుకే పగులు వెంటనే రాదు, రాత్రికి వస్తుంది.

మీ 250 బ్లాంక్ అంచు చుట్టుకొలత 120 వ్యాసంలోకి కుదించుకుపోయింది. ఆ అంచు దగ్గర చుట్టుకొలత దిశలో స్ట్రెయిన్ (లోహం ఎంత సాగిందో, ఎంత కుదించుకుందో చెప్పే అంకె) 0.73 వస్తుంది. డబ్బా మొత్తంలో అంతగా నలిగిన చోటు ఇంకోటి లేదు, అడుగున దాదాపు ఏమీ జరగలేదు. పగులు అంచులోనే మొదలవడానికి అదే కారణం.

ముందు చెప్పండి, ఏ గ్రేడు కొన్నారు?

డబ్బాల_షాపు
బిల్లులో 304 అని ఉంది మాస్టారూ. ఒక సంగతి, మేము అయస్కాంతం పెట్టి చూశాం. షీటుకి అంటుకోలేదు. డబ్బా అడుగుకీ అంటుకోలేదు. పై అంచు దగ్గర మాత్రం గట్టిగా పట్టుకుంటోంది.

గిన్నెల_వ్యాపారి
ఇంకేం, దొరికిపోయింది. అయస్కాంతం పట్టిందంటే 304 కానే కాదు. మిమ్మల్ని మోసం చేశారు. మా షాపులో మేము అయస్కాంతం చూశాకే సరుకు దించుకుంటాం.

లోహం_మాస్టారు
@గిన్నెల_వ్యాపారి అయ్యా, ఈ ఒక్క పరీక్షతో తేల్చకండి. అసలైన 304ని కూడా గట్టిగా లాగితే అంచు దగ్గర అయస్కాంతం పడుతుంది. మార్టెన్‌సైట్‌కి అయస్కాంత గుణం ఉంటుంది. ఇక లాగని షీటు విషయానికొస్తే 304కీ అంటుకోదు, నికెల్ తక్కువున్న 200 సిరీస్‌కీ అంటుకోదు. అంటే షీటు మీద అయస్కాంతం పెట్టి ఈ రెండింటినీ వేరు చేయలేం. 430 లాంటి ఫెర్రిటిక్ గ్రేడు మాత్రం షీటుగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది.

కానీ డబ్బాల_షాపు చూసింది పనికొచ్చే సంగతే. అడుగు నుంచి పైకి అయస్కాంతాన్ని జరుపుకుంటూ వెళ్తే ఏ ఎత్తులో పట్టు మొదలైందో, ఎక్కడ బలంగా ఉందో తెలుస్తుంది. మార్టెన్‌సైట్ ఎక్కడెక్కడ ఎంత పుట్టిందో చెప్పే మోటు పటం అది. పాత లాట్ డబ్బా ఒకటి ఉంటే పక్కపక్కన పెట్టి పోల్చండి.

డబ్బాల_షాపు
పాత లాట్ డబ్బా ఒకటి ఇంట్లో పప్పుల డబ్బాగా ఉంది. తెప్పించి చూశాను. దానికి పై అంచున కొద్దిగా పడుతోంది కానీ జారిపోతుంది. కొత్తదానికి సగం ఎత్తు నుంచే పట్టుకుంటోంది.

పటాన్‌చెరు_క్వాలిటీ
ఇంకెందుకు ఆలస్యం, కెమిస్ట్రీ తేల్చుకోండి. ఎక్స్‌రే గన్ ఉన్న ల్యాబ్‌లు మీ చుట్టుపక్కలే చాలా ఉన్నాయి. చిన్న ముక్క పట్టుకెళ్తే అప్పటికప్పుడు రీడింగ్ ఇస్తారు. చూడాల్సినవి రెండే, నికెల్, మాంగనీసు. 304 అయితే నికెల్ 8 శాతానికి తగ్గకూడదు, మాంగనీసు 2 శాతం దాటకూడదు. 200 సిరీస్‌లోని 201 అయితే నికెల్ 3.5 నుంచి 5.5, మాంగనీసు 5.5 నుంచి 7.5. 202లో మాంగనీసు ఇంకా ఎక్కువ, 7.5 నుంచి 10. రీడింగ్ చూస్తే పిల్లలైనా చెప్పేస్తారు. గన్ దొరక్కపోతే స్క్రాప్ వాళ్లు వాడే టెస్ట్ ద్రావణం ఉంటుంది, చుక్క వేసి బ్యాటరీ తాకిస్తే రంగును బట్టి చెబుతారు. అంచనాకి పనికొస్తుంది కానీ సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు కాగితం మీద రిపోర్టు ఉండాలి.

గన్‌లో కార్బన్ కనబడదని గుర్తుంచుకోండి. కార్బన్ కావాలంటే స్పెక్ట్రో చేయించాలి.

మెష్_పుణె
ఇక్కడ ఒక కార్ల విడిభాగాల కంపెనీలో సిమ్యులేషన్ చేస్తాను. మీ కొలతలు పెట్టి మధ్యాహ్నం ఒక మోడల్ నడిపాను. 304 సాధారణ డేటా, ఘర్షణ 0.08. అడుగు మూల దగ్గర పల్చబడటం సురక్షితంగానే ఉంది, ఫార్మింగ్ లిమిట్ గీతకి బాగా కింద ఉంది. డ్రా రేషియో (బ్లాంక్ వ్యాసాన్ని డబ్బా వ్యాసంతో భాగిస్తే వచ్చేది) 2.08 అంటే ఒకే డ్రాకి అంచు మీద ఉన్నట్టే, అయినా అవుతుంది. డిజైన్ సరిగానే ఉంది.

డై_ఫిట్టర్_జీడిమెట్ల
కంప్యూటర్ సరిగానే ఉందంటోంది, డబ్బా మాత్రం పగులుతోంది. ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటారు బ్రదర్ 😀

మెష్_పుణె
డబ్బానే నమ్మాలి అన్నా. నేను చెప్పింది డ్రా సమయంలో చీలదు అని మాత్రమే. ఫార్మింగ్ లిమిట్ గీత (కీలర్, గుడ్విన్ 1960లలో తయారు చేసినది) షీటు ఎక్కడ సన్నబడి తెగుతుందో చెబుతుంది. పై అంచు అసలు సన్నబడదు, మందమవుతుంది. ఆ గీత దృష్టిలో అది అన్నిటికన్నా భద్రమైన చోటు! కాబట్టి రంగుల బొమ్మలో అంతా పచ్చగా కనిపించినా ఈ పగులు గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

దీనికి లెక్క ఇంకో మెట్టు ముందుకెళ్లాలి. పంచ్ వెనక్కి వెళ్లాక, డబ్బా డై నుంచి బయటపడ్డాక గోడలో ఎంత బిగువు మిగిలిందో చూడాలి. అలా చూడాలంటే షెల్ ఎలిమెంట్‌కి (మోడల్‌లో షీటును విడగొట్టిన చిన్న పలక) మందంలో కనీసం 7 నుంచి 9 లెక్క బిందువులు పెట్టాలి, అన్‌లోడింగ్ (బలం తీసేసే దశ) విడిగా నడపాలి. చాలామంది డ్రా అయిపోగానే మోడల్ ఆపేస్తారు. రాత్రికి అది కూడా నడుపుతాను. మార్టెన్‌సైట్ ఎంత పుడుతుందో చెప్పే మెటీరియల్ డేటా నా దగ్గర లేదు, అది మామూలు మోడల్‌లో రాదు.

కడప_ప్రెస్
లెక్కలు సరే, ఆయిల్ మార్చి చూడొచ్చు కదా? మాకు క్లోరినేటెడ్ ఆయిల్ పెట్టాక స్టెయిన్‌లెస్‌లో సగం గొడవలు పోయాయి.

పటాన్‌చెరు_క్వాలిటీ
గీతలు పడటం, డైకి లోహం అతుక్కోవడం లాంటివి ఆయిల్‌తో పోతాయి. ఇది పోదు. పైగా క్లోరిన్ ఆయిల్ వాడితే అదే రోజు కడిగేయాలి, స్టెయిన్‌లెస్ మీద క్లోరైడ్ నిలవ ఉండటం మంచిది కాదు.

విశాఖ_ఉక్కు
నేను చదువుకునేటప్పుడు మా సార్ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో ఇత్తడి తూటా తొడుగులు నిల్వ చేస్తే వానాకాలంలో పగిలిపోయేవట. అవి కూడా డీప్ డ్రా చేసినవే. గుర్రపుశాలల దగ్గర అమ్మోనియా, వాటికి తోడు తేమ, లోపల మిగిలిన బిగువు. దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. కారణమేంటో 1921లో తేల్చి చెప్పారు. తక్కువ వేడిలో బిగువు తీసేసి పంపడం మొదలుపెట్టాక తగ్గింది. లోహం వేరు, హైడ్రోజన్‌కి బదులు అమ్మోనియా, కానీ ప్రెస్ తెరుచుకున్నాక లోపల మిగిలిన బిగువే మూలం.

ఆటోనగర్_విజయవాడ
మాకూ ఇలాగే పగులుతాయి, చలికాలంలోనే ఎక్కువ. డిసెంబరు, జనవరిలో పొద్దున్న మొదటి షిఫ్టులో లాగిన గ్లాసులు మరీ ఎక్కువ. వేసవిలో దాదాపు ఉండవు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేము షీటు దోషం అనుకునేవాళ్లం.

లోహం_మాస్టారు
@ఆటోనగర్_విజయవాడ మంచి విషయం పట్టుకున్నారు. లోహం చల్లగా ఉంటే అదే డ్రాకి మార్టెన్‌సైట్ ఎక్కువ పుడుతుంది. వెచ్చగా ఉంటే తక్కువ. ప్రతి కెమిస్ట్రీకి ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. 30 శాతం స్ట్రెయిన్ ఇస్తే సగం లోహం మార్టెన్‌సైట్ అయ్యే ఉష్ణోగ్రత అది. ఏంజెల్ అనే శాస్త్రవేత్త 1954లో ఇచ్చిన సూత్రంతో దాన్ని లెక్క కట్టొచ్చు. 413 నుంచి మొదలుపెట్టి కార్బన్ నైట్రోజన్‌ల మొత్తాన్ని 462తో, సిలికాన్‌ని 9.2తో, మాంగనీసుని 8.1తో, క్రోమియాన్ని 13.7తో, నికెల్‌ని 9.5తో, మాలిబ్డినాన్ని 18.5తో గుణించి తీసేయాలి. నికెల్ అంచుకి 8.1 దగ్గర పెట్టి చేసిన 304కి లెక్క వేస్తే 24 డిగ్రీల దగ్గర వస్తుంది. అంటే మన చలికాలపు పొద్దుటి షెడ్డు అంతకన్నా చల్లగా ఉంటుంది, మే నెల షెడ్డు చాలా వేడిగా ఉంటుంది. తేడా అక్కడే.

200 సిరీస్‌కి ఈ సూత్రం ఒక్కటే చూస్తే సరిపోదు. వాటిలో నికెల్ తగ్గించిన లోటు పూడ్చడానికి మాంగనీసుతో పాటు నైట్రోజన్ కూడా పెంచుతారు. కార్బన్, నైట్రోజన్ ఎక్కువున్న చోట పుట్టిన మార్టెన్‌సైట్ గట్టిగా, పెళుసుగా ఉంటుంది. మిగిలే బిగువు కూడా ఎక్కువ. అందుకే 304 డ్రా రేషియో 2 దగ్గర కూడా నిలిచే చోట 201 చాలా తక్కువ రేషియోలోనే పగులుతుంది.

డబ్బాల_షాపు
రిపోర్టు వచ్చింది. నికెల్ 4.1, మాంగనీసు 6.8, క్రోమియం 16.4. బిల్లులో 304, ధర 304ది. చేతులు వణుకుతున్నాయి నాకు. ఇంకా చాలా షీటు గోడౌన్‌లో ఉంది.

గిన్నెల_వ్యాపారి
చెప్పానా!

పటాన్‌చెరు_క్వాలిటీ
అది 201. ముందు సప్లయర్‌కి రిపోర్టు జత చేసి రాతపూర్వకంగా పంపండి, ఫోన్‌లో కాదు. షీటు మీద హీట్ నంబరు (ఏ పోత లోహమో చెప్పే నంబరు) ఉందా? మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌లో ఉన్న నంబరుతో కలుస్తుందా?

డబ్బాల_షాపు
సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చారు. అందులో నంబరు ఉంది, షీటు మీద ఏమీ లేదు. కట్ షీట్లు కొన్నాం కదా, కాయిల్ కాదు.

ఒక్కటి అడగాలి. సరుకు వెనక్కి తీసుకునే లోపు ఇప్పటికే లాగేసిన డబ్బాలు ఉన్నాయి, ఇంకా పగలనివి. వాటిని కాపాడుకునే దారి ఉందా?

డై_ఫిట్టర్_జీడిమెట్ల
తమ్ముడూ, ముందు పై అంచు ట్రిమ్ చేసేయ్, ఈ రోజే. చెవుల్లా ఎగుడుదిగుడుగా లేచిన అంచు భాగమంతా పోవాలి. ఎక్కువగా నలిగిన లోహం అక్కడే ఉంది కాబట్టి అది పోతే సగం ప్రమాదం పోతుంది. ట్రిమ్ చేశాక అంచు బర్ వేలితో తడిమి చూడు, గరుకు తగిలితే ఎమరీతో తీసేయ్. పగులు మొదలయ్యేది ఆ గరుకు దగ్గరే. బ్లాంకింగ్ టూల్ మొద్దుబారిందేమో కూడా చూసుకో, బ్లాంక్ అంచున బర్ ఉంటే అదే డబ్బా పై అంచుకి వస్తుంది.

లోహం_మాస్టారు
ట్రిమ్ చేసినంత మాత్రాన భరోసా లేదు. నిజంగా కాపాడాలంటే అనీలింగే. 1050 డిగ్రీల దగ్గర వేడి చేసి త్వరగా చల్లార్చితే మార్టెన్‌సైట్ తిరిగి ఆస్టెనైట్ అవుతుంది, బిగువు పోతుంది. ఆయిల్ పూర్తిగా కడిగాకే కొలిమిలో పెట్టాలి. బ్రైట్ అనీలింగ్ కొలిమి (గాలి తగలకుండా వేడి చేసేది) కాకపోతే నల్లపొర వస్తుంది, యాసిడ్‌లో పిక్లింగ్ చేయాలి. ఖర్చు లెక్క చూసుకోండి, 0.8 డబ్బాకి అంత పెట్టడం గిట్టుబాటు అవుతుందో లేదో మీకే తెలుస్తుంది.

కడప_ప్రెస్
రెండు డ్రాలుగా చేస్తే? మొదట 150కి, తర్వాత 120కి. రేషియో 1.67, 1.25 అవుతుంది. ప్రతి దశా తేలిక.

లోహం_మాస్టారు
చీలకుండా లాగడానికి అది మంచి పద్ధతే. కానీ మధ్యలో అనీలింగ్ లేకపోతే అంచు పడ్డ మొత్తం నలుగుడు అంతే, 250 నుంచి 120. రెండు మెట్లలో దిగినా ఒకే మెట్టులో దిగినా దిగిన ఎత్తు మారదు కదా. పైగా ఒకసారి మార్టెన్‌సైట్ పుట్టిన గోడనే మళ్లీ లాగుతారు.

కడప_ప్రెస్
ఒప్పుకోను మాస్టారూ. మేము రీడ్రాలో, అంటే రెండో డ్రాలో, డై పంచ్ మధ్య గ్యాప్ బిగించి గోడను కాస్త ఇస్త్రీ చేసినట్టు లాగుతాం. అలా చేసినవి పగలడం తగ్గింది, కళ్లారా చూశాను.

మెష్_పుణె
ఇద్దరూ చెప్పేది నిజమే. రాత్రి అన్‌లోడింగ్ నడిపాను. డై పంచ్ మధ్య గ్యాప్ 1.2 పెడితే అంచు దగ్గర గోడ బయటివైపు చుట్టు దిశలో చాలా ఎక్కువ బిగువు మిగులుతోంది. గ్యాప్ 0.9కి తెస్తే బాగా తగ్గుతోంది. పై అంచు 1.0 దాకా మందమవుతోంది కాబట్టి 0.9 గ్యాప్‌లో అది ఐరనింగ్ (కడప అన్న చెప్పిన ఇస్త్రీ) అవుతుంది. కడప అన్న చూసిన తేడా రెండో డ్రా వల్ల వచ్చింది కాదు, గ్యాప్ వల్ల వచ్చింది.

@డబ్బాల_షాపు మీ గ్యాప్ ఎంతుంది? డబ్బా మూతి దగ్గర వ్యాసం, మధ్యలో వ్యాసం కొలిచి చెప్పండి.

డబ్బాల_షాపు
మూతి దగ్గర మిల్లీమీటరు పైన ఎక్కువుంది, కాస్త గంటలా విచ్చుకుంది. డై చాలాసార్లు పాలిష్ పట్టాం. గ్యాప్ 1.2 దగ్గరే ఉంది.

డై_ఫిట్టర్_జీడిమెట్ల
అదీ విషయం. పాలిష్ పట్టిన ప్రతిసారీ డై తింటూ వచ్చింది. 304 దాన్ని ఓర్చుకుంది, 201 ఓర్చుకోలేదు. డైలో కొత్త ఇన్సర్ట్ (మార్చుకోగల రింగు) వేయించు. స్టెయిన్‌లెస్‌లో ఐరనింగ్ అంటే డైకి అతుక్కుంటుంది, కాబట్టి అల్యూమినియం బ్రాంజ్ రింగు వేసుకుంటే మేలు. త్వరగా అరుగుతుంది కానీ గీతలు పడవు. షీటుకి పాలిథీన్ ఫిల్మ్ ఉంటే దాంతోనే లాగు. డిజైన్‌లో సందేహముంటే మీ పక్కనే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968 నుంచి టూలింగ్ నేర్పిస్తోంది, వెళ్లి అడుగు.

మెష్_పుణె
లెక్క నమ్మకపోతే షాపులోనే పరీక్ష ఉంది. పగలని డబ్బా పై భాగం నుంచి 15 మి.మీ. ఎత్తు రింగు కోయండి, వేడెక్కకుండా నీళ్లు పోస్తూ. తర్వాత రింగును ఒక చోట నిలువుగా తెగ్గొట్టండి. ఎంత విచ్చుకుంటే అంత బిగువు ఉన్నట్టు. తెగ్గొట్టక ముందు వ్యాసం, విచ్చుకున్నాక వ్యాసం తీసుకుని ఒక్కోదానికి 1ని భాగిస్తే వచ్చేవాటి తేడాని మందంతో, 2,00,000తో గుణిస్తే మెగాపాస్కల్స్‌లో వస్తుంది. 120 రింగు 132 అయితే 121 మెగాపాస్కల్స్. రింగు వంపులో ఉన్న బిగువును మాత్రమే ఇది చెబుతుంది, అయినా రెండు లాట్లు పోల్చడానికి చాలు.

డబ్బాల_షాపు
చేశాం. కట్టర్ ఆఖరి అంచు తెగగానే రింగు ఎగిరిపడింది, కుర్రాడు ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. 120 కాస్తా 168 అయింది. లెక్క వేస్తే 380 దగ్గర వస్తోంది. పప్పుల డబ్బా కూడా కోశాం, మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు. అది 138 దగ్గర ఆగింది, 174 వచ్చింది.

లోహం_మాస్టారు
రెట్టింపు పైన. పెళుసు మార్టెన్‌సైట్, దాని మీద ఇంత బిగువు. పగలకుండా ఎలా ఉంటుంది.

ఒక జాగ్రత్త. కోసేటప్పుడు కళ్లద్దాలు, చేతికి గ్లౌజులు తప్పనిసరి. పేర్చిన డబ్బాల పక్కన కూడా మనుషుల్ని కూర్చోబెట్టకండి.

ఆటోనగర్_విజయవాడ
చలికాలానికి ఏం చేయమంటారు మాస్టారూ? షెడ్డంతా వేడి చేయలేం కదా.

లోహం_మాస్టారు
షెడ్డు అక్కర్లేదు. డై రింగుని, బ్లాంక్ హోల్డర్‌ని హీటర్ కార్ట్రిడ్జిలతో వెచ్చబెట్టి, పంచ్‌ని మాత్రం నీళ్లతో చల్లగా ఉంచే పద్ధతి ఉంది. ఫ్లాంజ్ (హోల్డర్ కింద ఉండే షీటు అంచు) వెచ్చగా ఉండి మార్టెన్‌సైట్ తక్కువ పుడుతుంది, అడుగు చల్లగా ఉండి బలంగా నిలబడుతుంది. వంద డిగ్రీల చుట్టుపక్కలే తేడా కనబడుతుంది. మీ ఆయిలు ఆ వేడికి నిలుస్తుందో లేదో చూసుకోండి. అంత ఖర్చు వద్దనుకుంటే కనీసం బ్లాంకులు బయట మంచులో పెట్టకుండా లోపల ఉంచండి.

డబ్బాల_షాపు
సప్లయర్ రిపోర్టు చూసి మొదట కాదన్నాడు, తర్వాత సగం షీటు వెనక్కి తీసుకుంటానన్నాడు. మిగతాది మా నెత్తినే. ఆ మిగిలిన షీటుతో మూతలు చేసుకోవచ్చా? మూత 120 వ్యాసం, 20 లోతు.

కడప_ప్రెస్
బ్లాంక్ 155 వస్తుంది. రేషియో 1.29. హాయిగా లాగొచ్చు, అది పగలదు.

పటాన్‌చెరు_క్వాలిటీ
లాగడం వరకు సరే. కానీ డబ్బా 304, మూత 201 అయితే మూత మీద 304 అని ముద్ర వేయొద్దు. ఉప్పు, పులుపు తగిలే చోట 201 త్వరగా మచ్చలు పడుతుంది. పచ్చళ్ల డబ్బాకి అసలే వద్దు. స్టెయిన్‌లెస్ వంటపాత్రలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేస్తూ 2024లో ఉత్తర్వు వచ్చింది, ప్రమాణం ఐఎస్ 14756. మీ సరుకు దాని కిందికి వస్తుందో లేదో కనుక్కుని, కొనేవాడికి గ్రేడు చెప్పి అమ్మండి. మిమ్మల్ని మోసం చేసిన షీటుతో ఇంకొకరు మోసపోకూడదు.

డబ్బాల_షాపు
చెప్పే అమ్ముతాను సార్. మూతలకి విడిగా ధర పెడతాను. డై ఇన్సర్ట్ ఆర్డరు ఇచ్చేశాను, గ్యాప్ 0.9. కొత్త షీటు వేరే చోట కొంటున్నా.

పటాన్‌చెరు_క్వాలిటీ
ఈసారి పర్చేజ్ ఆర్డరులోనే రాయండి. గ్రేడు 304, నికెల్ కనీసం 8, మాంగనీసు 2 లోపు, ప్రతి కట్ట మీద హీట్ నంబరు, దించేముందు మా ఎదుట గన్ రీడింగ్. ఒప్పుకోని వాడి దగ్గర కొనొద్దు.

మెష్_పుణె
కొత్త ఇన్సర్ట్‌తో మొదటి డబ్బా రాగానే రింగు కోసి వ్యాసం ఇక్కడ పెట్టండి. నా మోడల్ అంకెతో పోల్చుకోవాలి.

డబ్బాల_షాపు
పెడతాను. వచ్చే వారం.